మెకానికల్ ఇంజనీరింగ్ స్నాతకోత్తర విద్య: పాఠ్యప్రణాళికా రూపకల్పన – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

మెకానికల్ ఇంజనీరింగ్‌లో మొదటి పట్టా తర్వాతి చదువును ఎట్లా రూపొందించాలనే ప్రశ్నకు గత నూట అరవై ఏళ్లలో భిన్న దేశాలు భిన్నమైన సమాధానాలు చెప్పాయి. జర్మనీలో అది హోదా కోసం సాగిన పోరాటం. అమెరికాలో అది గణితం చాలని ఇంజనీర్లకు కర్మాగారంలోనే మొదలైన సాయంత్రపు తరగతి. స్వతంత్ర భారతదేశంలో అది ప్రధానంగా అధ్యాపకుల కొరతకు వెతికిన పరిష్కారం. ఈ భిన్న ప్రయోజనాలు నేటి ఎం.టెక్. పాఠ్యప్రణాళికలో పొరలు పొరలుగా ఎట్లా నిలిచి ఉన్నాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. థాకర్, నాయుడమ్మ, రామారావు సంఘాల కాలాన్నీ, తెలుగు ప్రాంతాల అనుభవాన్నీ ప్రత్యేకంగా చర్చిస్తుంది.

కీలకపదాలు: మెకానికల్ ఇంజనీరింగ్, స్నాతకోత్తర విద్య, పాఠ్యప్రణాళిక, టిమోషెంకో, గ్రింటర్ నివేదిక, కాన్పూరు ఐ.ఐ.టి., నాయుడమ్మ, గేట్.

ఉపోద్ఘాతం

ఒక ఎం.టెక్. పాఠ్యప్రణాళిక పత్రాన్ని తీసుకుంటే అందులో కనిపించేది నాలుగు సెమిస్టర్ల పట్టిక. మొదటి దానిలో గణితమూ కొన్ని మూల విషయాలూ, రెండవ దానిలో ఐచ్ఛికాలు, ఆ తర్వాత ఏడాది పాటు సిద్ధాంతవ్యాసం. దేశంలో ఏ విశ్వవిద్యాలయం పత్రం చూసినా పోలిక ఇంచుమించు ఇదే. చేరే విద్యార్థికి ఇది ప్రకృతి సిద్ధమైన క్రమంగా తోస్తుంది. వాస్తవానికి ఈ పట్టికలోని ప్రతి గడీ వెనుక ఒక వివాదం ఉంది. గణితం ఎందుకు ముందుండాలి? సిద్ధాంతవ్యాసం ఎందుకు ఉండాలి? చదువు ఏడాదిన్నరలో ముగియాలా, రెండేళ్లు సాగాలా? అన్నిటికన్నా ముఖ్యంగా, ఈ చదువు ఎవరి కోసం? అధ్యాపకుడు కావలసిన వాని కోసమా, పరిశోధకుని కోసమా, కర్మాగారంలో రూపకల్పన విభాగానికి వెళ్లవలసిన వాని కోసమా? ఈ చివరి ప్రశ్నకు స్పష్టమైన సమాధానం లేకుండా మిగతా ప్రశ్నలను తేల్చడం సాధ్యం కాదు. చరిత్రలో చాలాసార్లు జరిగింది మాత్రం అదే.

తరగతులు లేని డాక్టరేటు

అమెరికాలో ఇంజనీరింగ్‌లో తొలి డాక్టరేటు 1863లో యేల్ విశ్వవిద్యాలయం జోసయా విల్లర్డ్ గిబ్స్‌కు ఇచ్చింది. ఉష్ణగతిశాస్త్రానికి పునాదులు వేసినవాడుగా ప్రపంచం ఎరిగిన గిబ్స్ అప్పుడు రాసిన సిద్ధాంతవ్యాసం పళ్లచక్రాల దంతాల ఆకృతి గురించి. విషయం పూర్తిగా మెకానికల్ ఇంజనీరింగ్‌ది, పద్ధతి పూర్తిగా జ్యామితిది. అప్పటికి ఆ దేశంలో మెకానికల్ ఇంజనీరింగ్‌కు స్నాతకోత్తర తరగతులంటూ ఏవీ స్థిరపడలేదు. పట్టా అందుకున్న మూడేళ్లకు గిబ్స్ పై చదువు కోసం పారిస్, బెర్లిన్, హైడెల్‌బర్గ్ నగరాలకు వెళ్లవలసి వచ్చింది. డాక్టరేటు ముందు, చదువు తర్వాత అన్నమాట!

జర్మనీలో పరిస్థితి వేరు. అక్కడ సాంకేతిక కళాశాలలు బలంగా ఉన్నాయి కానీ డాక్టరేటు ఇచ్చే అధికారం సంప్రదాయ విశ్వవిద్యాలయాల చేతిలోనే ఉండేది. ప్రష్యాలోని సాంకేతిక కళాశాలలకు ఆ అధికారాన్ని 1899లో రెండవ విల్హెల్మ్ చక్రవర్తి ఇచ్చాడు. బవేరియాలో ఇంకా ఆలస్యమైంది. దీని ఫలితం లుడ్విగ్ ప్రాంటెల్ జీవితంలో స్పష్టంగా కనిపిస్తుంది. ఆయన మ్యూనిక్ సాంకేతిక కళాశాలలో ఆగస్ట్ ఫోపెల్ వద్ద చదివి, సన్నని దూలాలు పక్కకు ఒరిగిపోవడంపై పరిశోధించాడు. డాక్టరేటు మాత్రం 1900లో అదే నగరంలోని విశ్వవిద్యాలయం నుంచి పొందవలసి వచ్చింది. ఆ తర్వాత న్యూరెంబర్గ్‌లో యంత్ర కర్మాగారంలో ఉద్యోగానికి చేరి, కొయ్య పొట్టును పీల్చివేసే గొట్టాల వ్యవస్థను మెరుగుపరిచే పనిలో పడ్డాడు. గాలి గొట్టం గోడను ఎందుకు విడిచిపోతుందన్న ప్రశ్న అక్కడే ఆయనకు ఎదురైంది. 1904లో హైడెల్‌బర్గ్ గణిత మహాసభలో ఆయన ప్రతిపాదించిన సరిహద్దు పొర సిద్ధాంతం నేడు ప్రతి ఎం.టెక్. ఉష్ణ, ప్రవాహ విభాగంలోనూ తప్పనిసరి పాఠం.

ఈ రెండు ఉదాహరణలూ ఒక సంగతిని చెబుతున్నాయి. తొలి తరంలో పై చదువుకు పాఠ్యప్రణాళిక లేదు. ఒక గురువు, ఒక సమస్య, వెరసి ఒక సిద్ధాంతవ్యాసం. నేటి పట్టికలో సిద్ధాంతవ్యాసానికి దక్కిన స్థానం ఈ తొలి పొర నుంచి వచ్చింది. తరగతులు తర్వాత చేరాయి.

కర్మాగారంలో సాయంత్రపు తరగతి

తరగతులు చేరిన కథలో ప్రధాన పాత్ర స్టెపాన్ టిమోషెంకోది. 1878లో జన్మించిన ఈయన రష్యన్ సామ్రాజ్యంలో ఆచార్యుడిగా పేరు పొంది, విప్లవానంతర కల్లోలంలో దేశం విడిచి, 1922లో అమెరికా చేరాడు. మరుసటి ఏడాది వెస్టింగ్‌హౌస్ సంస్థలో చేరి 1927 వరకు అక్కడ పనిచేశాడు. అమెరికన్ కళాశాలల నుంచి వచ్చిన యువ ఇంజనీర్లకు గణితంలోనూ, పదార్థ బల శాస్త్రంలోనూ ఉన్న సంసిద్ధత ఎంత తక్కువో చూసి విస్మయం చెందానని ఆయన తన స్మృతులలో చెప్పుకున్నాడు. టర్బైను ఇరుసులు వణుకుతున్నాయి, రైలు పట్టాలపై ఒత్తిడి లెక్క తేలడం లేదు. సంస్థకు కావలసింది ఆ లెక్కలు చేయగల మనుషులు. అందుకని పనివేళలు ముగిశాక స్థితిస్థాపకత, కంపనాల గురించి అక్కడే ఉపన్యాసాలు మొదలయ్యాయి.

తర్వాతి కాలంలో మెకానికల్ ఇంజనీరింగ్ స్నాతకోత్తర విద్యకు ఆధారమైన పాఠ్యగ్రంథాలలో కొన్ని ఈ వాతావరణం నుంచే పుట్టాయి. ఇంజనీరింగ్‌లో కంపన సమస్యలపై టిమోషెంకో పుస్తకం 1928లో వెలువడింది. వెస్టింగ్‌హౌస్‌లో ఆయన ప్రభావంలో ఎదిగిన డెన్ హార్టాగ్ 1934లో యాంత్రిక కంపనాలపై మరొక పుస్తకం ప్రచురించాడు. టిమోషెంకో 1927లో మిషిగన్ విశ్వవిద్యాలయానికి, 1936లో స్టాన్‌ఫర్డ్‌కు మారాడు. మిషిగన్‌లో 1929 నుంచి వేసవి పాఠశాలలు నడిచాయి. వాటికి వచ్చిన వారిలో ఇతర కళాశాలల అధ్యాపకులు కూడా ఉన్నారు. అంటే పై చదువు మొదట విద్యార్థులకన్నా వారికి పాఠం చెప్పేవారిని తయారు చేసింది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. పాఠ్యప్రణాళికలో గణితం మొదటి స్థానం పొందింది ఉన్నత విద్యకు అలంకారంగా కాదు. ఇరుసు విరిగినందుకు. ఆ కారణం మరుగున పడిన చోట గణితం ఉత్తీర్ణత కోసం దాటవలసిన అడ్డుగోడగా మాత్రమే మిగిలింది.

గ్రింటర్ నివేదిక

రెండవ ప్రపంచయుద్ధం ఈ ధోరణిని బలపరచింది. రాడార్, జెట్ ఇంజన్, అణుశక్తి వంటి రంగాలలో భౌతికశాస్త్రజ్ఞులు ముందు నిలిచారు, ఇంజనీర్లు వెనుకబడ్డారన్న భావన అమెరికాలో బలపడింది. ఎల్. ఇ. గ్రింటర్ అధ్యక్షతన అమెరికా ఇంజనీరింగ్ విద్యాసంఘం ఏర్పరచిన సమితి 1955లో నివేదిక ఇచ్చింది. ఘనపదార్థాల యాంత్రికశాస్త్రం, ద్రవాల యాంత్రికశాస్త్రం, ఉష్ణగతిశాస్త్రం, ఉష్ణ ద్రవ్య ప్రసార ప్రక్రియలు, విద్యుత్ సిద్ధాంతం, పదార్థాల స్వభావం అనే ఆరింటిని ఇంజనీరింగ్ శాస్త్రాలుగా అది నిర్ధారించింది. వృత్తి నైపుణ్యానికి ఒక మార్గం, శాస్త్ర పరిశోధనకు మరొక మార్గం అని విద్యను రెండుగా విభజించాలన్న ఆలోచన ముసాయిదా దశలో వచ్చింది కానీ కళాశాలల వ్యతిరేకత వల్ల నిలవలేదు. ఏ కళాశాల మాత్రం తాను రెండవ తరగతి మార్గంలో ఉన్నానని ఒప్పుకుంటుంది?

గ్రింటర్ నివేదిక నేరుగా మొదటి పట్టాకు సంబంధించినది. అయినా దాని ప్రభావం పై చదువు మీద లోతుగా పడింది. బాయిలరు, ఆవిరి యంత్రం, ఫౌండ్రీ, లేత్ మిషను అనే వస్తువుల పేర్లతో ఉన్న పాఠాలు తగ్గి, ప్రసరణ, సంవహనం, స్థితిస్థాపకత వంటి సూత్రాల పేర్లతో పాఠాలు వచ్చాయి. యంత్రం పేరు పోయి సమీకరణం పేరు వచ్చింది. దీనివల్ల లాభమూ ఉంది, నష్టమూ ఉంది. ఒకే ప్రసరణ సమీకరణంతో ఇంజను గోడనూ, అణు ఇంధన కడ్డీనీ లెక్కించగలగడం లాభం. కడ్డీని ఎన్నడూ చేత్తో పట్టని విద్యార్థి పట్టభద్రుడు కావడం నష్టం.

భారతదేశంలో తొలి దశ

వలస పాలనలో ఇంజనీరింగ్ విద్య ప్రధానంగా ప్రజాపనుల శాఖ అవసరం. రూర్కీ (1847), గిండీ, పుణె, శిబ్‌పూర్ కళాశాలలు కాలువలకూ, రోడ్లకూ కావలసిన సివిల్ ఇంజనీర్లను తయారు చేశాయి. యంత్రాలు ఇంగ్లండు నుంచి వచ్చేవి. వాటిని రూపొందించే ఇంజనీరు ఇక్కడ అవసరం లేదు. 1919లో మొదలైన బనారస్ ఇంజనీరింగ్ కళాశాల మెకానికల్, ఎలక్ట్రికల్ విద్యకు ప్రాధాన్యం ఇవ్వడం ఈ దృష్టికి భిన్నమైన ప్రయత్నం. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ 1909లో ఏర్పడినప్పటి నుంచి పట్టా తర్వాతి స్థాయిలోనే పనిచేసింది. అయితే ఇంజనీరింగ్‌లో తొలుత అక్కడ స్థానం పొందినది విద్యుత్ సాంకేతికత. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1942లో, విమాన ఇంజనీరింగ్ విభాగం మొదలయింది. మెకానికల్ ఇంజనీరింగ్ వంతు యుద్ధం ముగిసే వేళకు వచ్చింది.

నళినీ రంజన్ సర్కార్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1946లో ఇచ్చిన మధ్యంతర నివేదిక దేశం నలుదిక్కులా నాలుగు ఉన్నత సాంకేతిక సంస్థలు కావాలని సూచించింది. మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ వంటి నమూనా దాని దృష్టిలో ఉంది. ఈ సూచన ఫలితంగా ఖరగ్‌పూర్ సంస్థ హిజ్లీ నిర్బంధ శిబిర భవనంలో 1951లో తరగతులు ప్రారంభించింది. స్వాతంత్ర్య సమరయోధులను బంధించిన గదులలో పాఠాలు మొదలయ్యాయి. ఆ తర్వాత సోవియట్ సహాయంతో బొంబాయి (1958), జర్మన్ సహాయంతో మద్రాసు (1959), అమెరికన్ సహాయంతో కాన్పూరు (1959), బ్రిటిష్ సహాయంతో ఢిల్లీ సంస్థలు వచ్చాయి. నాలుగు దేశాలు నాలుగు రకాల మెకానికల్ ఇంజనీరును ఊహించాయి. మద్రాసులో జర్మన్ సంప్రదాయానుసారం వర్క్‌షాపు శిక్షణకు గౌరవస్థానం దక్కింది.

కాన్పూరు ప్రయోగం

పై చదువు ప్రణాళిక దృష్ట్యా కాన్పూరు అనుభవం విడిగా పరిశీలించదగినది. 1962 నుంచి 1972 వరకు మసాచుసెట్స్, కాలిఫోర్నియా సాంకేతిక సంస్థలు, బర్కిలీ, ప్రిన్స్‌టన్, పర్డ్యూ, మిషిగన్, కార్నెగీ, కేస్, ఒహాయో స్టేట్ అనే తొమ్మిది సంస్థల కూటమి అక్కడ సహకరించింది. కూటమి తరఫున కాన్పూరు వచ్చిన బృందానికి తొలి నాయకుడు నార్మన్ డాల్ స్వయంగా మెకానికల్ ఇంజనీరింగ్ ఆచార్యుడు. స్టీఫెన్ క్రాండల్‌తో కలిసి ఆయన 1959లో వెలువరించిన ఘనపదార్థాల యాంత్రికశాస్త్ర గ్రంథం గ్రింటర్ యుగపు ఆలోచనకు మంచి నిదర్శనం. దాని తర్వాతి కూర్పులు నేటికీ భారతీయ తరగతి గదుల్లో ఉన్నాయి.

సంస్థ తొలి నిర్దేశకుడు పి. కె. కేల్కర్, ఈ అమెరికన్ బృందం కలిసి సెమిస్టర్ పద్ధతిని, అక్షర గ్రేడులను, అన్ని శాఖలకూ ఉమ్మడిగా ఉండే విజ్ఞాన, మానవీయ శాస్త్ర పాఠాలను ప్రవేశపెట్టారు. పరీక్ష ఏడాది చివర ఒక్కసారి కాక బోధించిన ఆచార్యుడే నిరంతరం మదింపు చేయడం అప్పటి భారతీయ విశ్వవిద్యాలయాలకు కొత్త. పై చదువులో దీని ప్రాముఖ్యం ఇంకా ఎక్కువ. బయటి పరీక్షకుడు ప్రశ్నపత్రం తయారు చేసే వ్యవస్థలో ఏ ఆచార్యుడూ తన పరిశోధనలోని సరికొత్త అంశాన్ని పాఠంగా చెప్పలేడు. చెప్పినా అది పరీక్షలో రాదు. ఐచ్ఛిక పాఠాలు అనే భావన నిలబడాలంటే బోధించేవానికే మదింపు అధికారం ఉండాలి. 1963లో ఐ.బి.ఎం. 1620 కంప్యూటరు రావడంతో ఇంజనీరింగ్ విద్యార్థి స్వయంగా ప్రోగ్రాం రాసి లెక్కించడం ఆ ప్రాంగణంలో సాధారణ విషయమైంది.

ఈ ప్రయోగంపై ఒక ఆక్షేపణ మొదటి నుంచి ఉంది. ఇంత శాస్త్ర ప్రధానమైన చదువు చదివినవారికి తగిన పని నాటి భారతీయ పరిశ్రమలో లేదు. లైసెన్సు మీద విదేశీ నమూనాలను తయారు చేసే కర్మాగారానికి కొత్త నమూనాను లెక్కించే ఇంజనీరు ఎందుకు? అందువల్ల అటువంటి పట్టభద్రులలో ఎందరో అమెరికా వెళ్లారు. అక్కడి వలస చట్టం 1965లో మారి ద్వారాలు తెరుచుకోవడం దీనికి తోడైంది. ఆక్షేపణలో నిజం ఉంది కానీ దోషం పాఠ్యప్రణాళికది మాత్రమే అనడం సరికాదు. పరిశ్రమ రూపకల్పనను దిగుమతి చేసుకుంటున్నంత కాలం, ఏ ప్రణాళికా దానికి మందు కాలేదు.

మూడు సంఘాలు

అఖిల భారత స్థాయిలో స్నాతకోత్తర ఇంజనీరింగ్ విద్యను ప్రత్యేకంగా పరిశీలించిన తొలి సంఘం ఎం. ఎస్. థాకర్ అధ్యక్షతన 1959లో ఏర్పడి 1961లో నివేదిక ఇచ్చింది. అప్పటికి దేశంలో ఇంజనీరింగ్ కళాశాలలు వేగంగా పెరుగుతున్నాయి. వరంగల్‌లో తొలి ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలకు 1959 అక్టోబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. ఇతర రాష్ట్రాలలో ఇటువంటివి వరుసగా వస్తున్నాయి. భవనాలు కట్టవచ్చు, అధ్యాపకులు ఎక్కడి నుంచి రావాలి? మాస్టర్స్ చదువును విస్తరించడం వెనుక ప్రధాన ఒత్తిడి ఇది. మొదటి పట్టా తర్వాత రెండు విద్యాసంవత్సరాల చదువు అనే చట్రం ఆ దశకంలోనే స్థిరపడింది. 1970లో ప్రారంభమైన గుణాత్మక అభివృద్ధి పథకం ఇదే దారిలో మరొక అడుగు. ఉద్యోగంలో ఉన్న కళాశాల అధ్యాపకులు జీతం వదులుకోకుండా ఐ.ఐ.టి.లకూ, బెంగుళూరుకూ వెళ్లి పై పట్టాలు పొందే అవకాశం కలిగింది. కాకినాడ, అనంతపురం, వరంగల్ వంటి చోట్ల ఇంజనీరింగ్ విద్యను నిలబెట్టిన తరానికి ఈ మార్గం ఎంతో మేలు చేసింది.

రెండవ సంఘానికి అధ్యక్షుడు యలవర్తి నాయుడమ్మ. గుంటూరు జిల్లా యలవర్రులో 1922లో జన్మించిన ఈ చర్మశాస్త్రవేత్త అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్., డాక్టరేటు పొందారు. మద్రాసులోని కేంద్ర చర్మ పరిశోధనాలయాన్ని చర్మకారుల గుడిసెలతోనూ, తోళ్ల శుద్ధి కర్మాగారాలతోనూ అనుసంధానించిన వ్యక్తి. శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలికి 1971 నుంచి 1977 వరకు సారథ్యం వహించారు. ఆయన సంఘం నివేదిక 1980లో వచ్చింది. ఆ వెంటనే రెండు పెద్ద మార్పులు జరిగాయి. 1983లో గేట్ పరీక్ష ప్రారంభమై ప్రవేశానికీ, విద్యార్థి వేతనానికీ జాతీయ ప్రమాణం ఏర్పడింది. ఎం.టెక్. చదువు మూడు సెమిస్టర్లకు, అంటే ఏడాదిన్నరకు కుదించుకుపోయింది. ఇదే కాలంలో ఐ.ఐ.టి.లలో బి.టెక్. ఐదేళ్ల నుంచి నాలుగేళ్లకు తగ్గింది.

ఈ రెండు కోతలూ కలిసి పడిన చోటే అసలు చిక్కు వచ్చింది. మొదటి పట్టాలో ఒక ఏడాది తగ్గినప్పుడు అక్కడ జారిపోయిన గణితమూ, మూల విషయాలూ పై చదువులో పూరించవలసి ఉంటుంది. ఆ పై చదువులోనే ఒక సెమిస్టరు తగ్గితే సిద్ధాంతవ్యాసానికి మిగిలేది ఆరు నెలలు. ఉష్ణ విభాగపు విద్యార్థి ఆ ఆరు నెలల్లో ప్రయోగ సామగ్రిని బిగించి, థర్మోకపుల్‌లను సరిచూసి, కొలతలు తీసి, విశ్లేషించి, రాయాలి. గాలి సొరంగమో, ఇంజను పరీక్షా బల్లో ఇతరులతో పంచుకోవలసి వస్తే సగం కాలం వంతు కోసం ఎదురుచూపుతోనే సరి. ఏడాదిన్నర చదువు కంప్యూటరు విభాగంలో కొంతవరకు సాగవచ్చు కానీ, లోహాన్ని కోసి చూడవలసిన విభాగంలో సాగదు. శాఖల స్వభావభేదం పట్టించుకోకుండా దేశమంతటికీ ఒకే కాలపరిమితి విధించడం ఆ నిర్ణయంలోని లోపం.

మూడవది పల్లె రామారావు అధ్యక్షతన 1990ల చివర పనిచేసిన సంఘం. హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనాలయానికి నిర్దేశకునిగా, కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ కార్యదర్శిగా పనిచేసి, 1999 నుంచి హైదరాబాదు విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షుడైన లోహశాస్త్రవేత్త ఆయన. ఈ దశ తర్వాత ఎం.టెక్. మళ్లీ నాలుగు సెమిస్టర్లకు చేరింది. ఇరవై ఏళ్లలో చదువు ఒక సెమిస్టరు కోల్పోయి తిరిగి పొందింది.

మూడు సంఘాల అధ్యక్షులలో ఒకరు విద్యుత్ ఇంజనీరు, ఒకరు చర్మశాస్త్రవేత్త, ఒకరు లోహశాస్త్రవేత్త. ఇద్దరు తెలుగువారు కావడం తెలుగు పాఠకునికి ఆసక్తి కలిగించే విషయమే. ఒక్కరూ మెకానికల్ ఇంజనీరు కాకపోవడం ఆలోచింపజేసే విషయం.

తెలుగు ప్రాంతాల అనుభవం

ఉస్మానియా విశ్వవిద్యాలయ ఇంజనీరింగ్ కళాశాల 1929లో మొదలయింది. ఆంధ్ర ప్రాంతంలో 1946లో విశాఖపట్నంలో ఏర్పడిన ప్రభుత్వ కళాశాల తర్వాత కాకినాడకు తరలింది. కాకినాడ, అనంతపురం, హైదరాబాదు కళాశాలలను కలిపి 1972లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. భారత్ హెవీ ఎలక్ట్రికల్స్, హెచ్.ఎం.టి., రక్షణ పరిశోధనాలయాలు హైదరాబాదు పరిసరాలకు రావడంతో అక్కడి చదువుకు ఒక ప్రత్యేకత వచ్చింది. ఉద్యోగం చేస్తున్న ఇంజనీర్ల కోసం ఉస్మానియాలో ఆరు సెమిస్టర్ల పాక్షిక కాలపు ఎం.ఇ. నడిచింది. పగలు టర్బైను కర్మాగారంలో, సాయంత్రం తరగతిలో. వెస్టింగ్‌హౌస్‌లో టిమోషెంకో ఎదుట కూర్చున్నవారి పరిస్థితికి ఇది అతి సమీపం. తెలుగు ప్రాంతాల సాంకేతిక విద్యాచరిత్రలో దీనికి దక్కవలసినంత గుర్తింపు దక్కలేదు.

మరొక దారి విదేశీ దారి. వరంగల్‌లో జన్మించిన జె. ఎన్. రెడ్డి 1968లో ఉస్మానియా నుంచి మెకానికల్ ఇంజనీరింగ్ పట్టా పొంది, 1970లో ఓక్లహోమా స్టేట్ విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్., 1974లో అలబామాలోని హంట్స్‌విల్‌లో డాక్టరేటు పూర్తిచేశారు. పరిమిత మూలక పద్ధతిపై 1984లో వచ్చిన ఆయన పరిచయ గ్రంథం అనేక దేశాలలో స్నాతకోత్తర తరగతులకు పాఠ్యపుస్తకమయింది. తాను చదివిన తరగతికి సముద్రం అవతలి నుంచి తిరిగి పాఠ్యపుస్తకం పంపడం వంటిది ఇది. దేశంలోనే ఎం.టెక్. చేసి తర్వాత బయటికి వెళ్లినవారిలో సుహాస్ పతంకర్ పేరు చెప్పవచ్చు. బొంబాయి ఐ.ఐ.టి.లో 1964లో ఎం.టెక్., లండన్ ఇంపీరియల్ కళాశాలలో 1967లో డాక్టరేటు చేసిన ఈ మరాఠీ ఇంజనీరు ఉష్ణ, ప్రవాహ గణనపై 1980లో రాసిన పుస్తకం ఆ రంగపు తొలి పాఠంగా నిలిచింది.

1990ల మధ్యకాలం నుంచి రాష్ట్రంలో ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలు వందలుగా పెరిగినప్పుడు 1960ల నాటి ప్రశ్న తిరిగి తలెత్తింది. అధ్యాపకులు ఎక్కడి నుంచి రావాలి? ఈసారి సమాధానం ఆ కళాశాలల్లోనే ఎం.టెక్. ప్రవేశపెట్టడం. తన అధ్యాపకులను తానే తయారు చేసుకునే ఏర్పాటు ఇది. గేట్ అర్హత ఉన్నవారికి వేతనం అందింది. 2010ల మధ్యలో అది నెలకు 12,400 రూపాయలు. రాష్ట్ర ప్రవేశ పరీక్ష ద్వారా చేరినవారు స్వంత ఖర్చుతో చదివారు. ఒకే పట్టా, రెండు ఆర్థిక స్థితులు. పైగా 2010ల నుంచి ప్రభుత్వరంగ సంస్థలు గేట్ మార్కులతోనే నియామకాలు చేయసాగాయి. పై చదువుకు ప్రవేశద్వారంగా ఉన్న పరీక్ష, ఆ చదువును మధ్యలో విడిచిపోవడానికి కూడా ద్వారమయింది.

పాఠాల వరుస

కాలపరిమితి గురించి సంఘాలు చర్చించినంతగా పాఠాల పరస్పర క్రమం గురించి చర్చ జరగలేదు. భారతదేశంలో ఈ శాఖ పై చదువు మూడు పాయలుగా స్థిరపడింది: యంత్ర రూపకల్పన, ఉష్ణ ఇంజనీరింగ్, ఉత్పాదక ఇంజనీరింగ్. ఒకటి కంపనాల, స్థితిస్థాపకతల వారసత్వం. మరొకటి ఆవిరి, అంతర్దహన యంత్రాల వారసత్వం. మూడవది వర్క్‌షాపుది. ఒక్కొక్కదానికి కావలసిన గణితం వేరు. కంపనాలకు మాత్రికలు, ఐగెన్ విలువలు కావాలి. ఉష్ణ ప్రసారానికి పాక్షిక అవకలన సమీకరణాలు కావాలి. ఉత్పాదక విభాగానికి సంఖ్యాకశాస్త్రం, ప్రయోగ రూపకల్పన అవసరం. ముగ్గురినీ ఒకే గణిత తరగతిలో కూర్చోబెట్టే ఆచారం అనేక చోట్ల ఉంది. దాని వల్ల మిగిలేది ఖర్చు, లాభించేది స్వల్పం.

పరిమిత మూలక పద్ధతి ఉదంతం ఈ విషయాన్ని మరింత స్పష్టం చేస్తుంది. విమాన రెక్కల దృఢత్వాన్ని లెక్కించే క్రమంలో టర్నర్, క్లఫ్, మార్టిన్, టాప్ 1956లో ప్రచురించిన పత్రం దీనికి ఒక మూలం. ఆ పేరు పెట్టినది 1960లో క్లఫ్. తొలుత ఇది పరిశోధన విద్యార్థుల అంశం. క్రమంగా ఎం.టెక్. పాఠమయింది. ఇప్పుడు బి.టెక్.లోనే ఉంది. ఇట్లా కిందికి దిగిన ప్రతిసారీ దాని ఆధారాలు కొంత వెనుకబడ్డాయి. స్థితిస్థాపకత చదవకముందు, లేదా అదే సెమిస్టరులో, ఈ పద్ధతిని బోధిస్తే విద్యార్థికి మిగిలేది సాఫ్ట్‌వేర్ నడిపే నేర్పు. తెరపై రంగుల చిత్రం వస్తుంది. ఎర్రగా కనిపించిన చోట ఒత్తిడి నిజంగా అంత ఉందా, లేక మూలన వల చాలక ఆ అంకె వచ్చిందా అని అడగగల శక్తి మాత్రం రాదు. పీడన పాత్రను రూపొందించే చోట ఈ తేడా ప్రాణాలకు సంబంధించినది. ప్రణాళికలో ఒక వరుస మారడం చిన్న విషయంగా కనిపించవచ్చు. బాయిలరు పక్కన నిలబడే కార్మికునికి అది చిన్న విషయం కాదు.

అఖిల భారత సాంకేతిక విద్యామండలి 2018లో విడుదల చేసిన నమూనా పాఠ్యప్రణాళిక ఎం.టెక్.కు మొత్తం 68 క్రెడిట్లు నిర్దేశించింది. అందులో 26 సిద్ధాంతవ్యాసానివి, తొలి దశకు 10, మలిదశకు 16. పరిశోధన పద్ధతులు, మేధాసంపత్తి హక్కులు కొత్తగా తప్పనిసరి పాఠాలయ్యాయి. గిబ్స్ కాలపు సిద్ధాంతవ్యాసం, టిమోషెంకో గణితం, గ్రింటర్ శాస్త్రాలు, కాన్పూరు ఐచ్ఛికాలు, అన్నీ ఆ 68లో ఇమిడి ఉన్నాయి. 2020 జాతీయ విద్యావిధానం నాలుగేళ్ల పట్టా తర్వాత ఒక ఏడాది మాస్టర్స్‌కు అవకాశం కల్పించడంతో కాలపరిమితి ప్రశ్న మళ్లీ ముందుకు వచ్చింది. ఏడాది చదువులో 26 క్రెడిట్ల ప్రయోగాత్మక సిద్ధాంతవ్యాసం ఇమడదు. ఇమడాలంటే ఐచ్ఛికాలు పోవాలి, లేదా సిద్ధాంతవ్యాసం పోవాలి. 1980లలో ఏడాదిన్నర ఎం.టెక్. చదివి, ఇప్పుడు అదే విభాగాలలో సీనియర్ ఆచార్యులుగా ఉన్నవారు ఇంకా పదవీ విరమణ చేయలేదు. ఏ ప్రయోగాన్ని మధ్యలో ఆపవలసి వచ్చిందో, ఏ పాఠం తర్వాత స్వయంగా చదువుకోవలసి వచ్చిందో చెప్పగలిగిన వారి సాక్ష్యం పాఠ్యప్రణాళికా సమితుల ముందుకు ఇప్పటివరకు క్రమబద్ధంగా రాలేదు.